ఆదివారం 81.7, సోమవారం 84.9

అక్టోబరు రెండో ఆదివారం తెల్లవారుజామున నాలుగుంబావుకి బయల్దేరి, మైపాడు రోడ్డు మీద ఇందుకూరుపేట వైపు 13 కిలోమీటర్లు పరిగెత్తుకుంటూ పోయి, వెనక్కి తిరిగి మొత్తం 26 పూర్తి చేసి ఇంటికొచ్చేసరికి ఏడూ ఇరవై అయింది. బట్టలు పిండితే బకెట్లో చెమట కారింది. ఒళ్లు తుడుచుకుని కాటా ఎక్కితే 81.7 కేజీలు. వెళ్లేముందు చూసింది 84.3. పదేళ్లలో ఆ అంకె చూసింది లేదు. మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాను.

మధ్యాహ్నం అమ్మ చేసిన కొరమీను పులుసు, రాత్రికి మళ్లీ అదే పులుసు (చేపల పులుసు పూట గడిచేకొద్దీ రుచి పెరుగుతుందని నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు), పక్కన ఆవకాయ. సోమవారం పొద్దున ఆరింటికి కాటా ఎక్కితే 84.9.

దిగి మళ్లీ ఎక్కాను. అదే. కాటా పాడైందేమోనని కుట్టు విప్పని 25 కేజీల బియ్యం బస్తా ఎత్తి దాని మీద పెట్టాను. 25.1 చూపించింది, సంచి బరువుతో కలిపి సరిగ్గానే ఉంది. అంటే కాటా తప్పు కాదు. 26 కిలోమీటర్లు పరిగెత్తి, పరిగెత్తకముందు ఉన్నదానికంటే ఆరొందల గ్రాములు ఎక్కువ తూగుతున్నాను. ఆ రోజంతా పనిలో మనసు పెట్టలేకపోయాను.

జనవరి మొదట్లో చెన్నైలో ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు. నాకిది మొదటి ఫుల్. జూన్‌లో ఊరికే నడకలా మొదలుపెట్టినప్పుడు 86.4 ఉన్నాను, సెప్టెంబరు నుంచి పద్ధతిగా ప్లాన్ ప్రకారం పరిగెత్తుతున్నాను. ఈ ఆరు నెలల్లో బరువు పడ్డ తీరు ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తోంది. పడాల్సినప్పుడు పడలేదు, పడకూడనప్పుడు పడింది. మా పరుగు గ్రూపులో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు ఇదే టెన్షన్‌తో అడుగుతుంటే, ఫోన్లో ముక్కలుముక్కలుగా చెప్పే బదులు ఒకచోట రాస్తే మేలనిపించింది.

సెప్టెంబరు సంగతి ముందు చెప్తాను. వారానికి 40 కిలోమీటర్లు. పరుగులో కిలోమీటరుకు ఒంటి బరువులో కేజీకి ఒక క్యాలరీ చొప్పున ఖర్చవుతుందని అందరూ వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. నా బరువుకు వారానికి సుమారు 3,400 క్యాలరీలు. కేజీ కొవ్వు అంటే దాదాపు 7,700. ఆ లెక్కన నెలకి కేజీన్నర పైన తగ్గాలి. ఒకటో తారీఖు 84.6, ముప్పయ్యో తారీఖు 85.3. తగ్గడం మాట అటుంచి పెరిగాను.

కొంత కారణం నా తిండే, కాదనను. లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు, చేసిన ఆదివారం మధ్యాహ్నం మామూలు కంటే రెండు గరిటెల అన్నం ఎక్కువే పడేది, తర్వాత సాయంత్రం దాకా మంచం దిగేవాణ్ణి కాదు. పొద్దున మూడు గంటల్లో ఖర్చుపెట్టింది మిగతా రోజంతా కదలకుండా కూర్చుని ఒళ్లు కొంత వెనక్కి తీసుకుంటుంది. టాంజానియాలో వేటాడి బతికే హాడ్జా వాళ్ల మీద హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. రోజూ మైళ్లకు మైళ్లు నడిచే ఆ మనుషులు, ఒంటి సైజు లెక్కలోకి తీసుకుంటే, ఆఫీసుల్లో కూర్చునే అమెరికా వాళ్లకంటే రోజు మొత్తంమీద పెద్దగా ఎక్కువ క్యాలరీలేమీ ఖర్చు చెయ్యడం లేదని తేలింది. అది చదివాక కాగితం మీద కూడికలు తీసివేతలు చేసుకుని ఒంటిని నిలదీయడం మానేశాను.

ఇంకో కారణం మంచిదే, కానీ ఎవరూ చెప్పలేదు. ఎండల్లో, ఉక్కలో పరుగు మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట పట్టడానికి, ఒళ్లు చల్లబరచడానికి అది కావాలి. కండరాలు కూడా ముందుకంటే ఎక్కువ గ్లైకోజన్ దాచుకోవడం నేర్చుకుంటాయి. గ్లైకోజన్ అంటే మనం తిన్న అన్నమే, ఒళ్లు చక్కెరగా మార్చి కండల్లోనూ కాలేయంలోనూ దాచుకునేది. ఒక గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లు చేరతాయి. నాలుగైదు వందల గ్రాములు దాచుకున్నారంటే నీళ్లతో కలిపి దాదాపు రెండు కేజీలు. ఇదంతా పరుగుకి పనికొచ్చే బరువు. కాటాకి ఆ తేడా తెలీదు. సెప్టెంబరు నెలాఖరుకి బెల్టు ఒక రంధ్రం లోపలికి పోయింది, ఆ సంగతి నేను పట్టించుకోలేదు, అంకె మీదే కన్ను.

ఇక ఆ ఆదివారం, సోమవారం లెక్క. పరుగులో 2.6 కేజీలు తగ్గాను, దారిలో తాగింది లీటరుంబావు ఓఆర్ఎస్, అరలీటరు మామూలు నీళ్లు, అంటే 1.75. రెండూ కలిపితే దాదాపు నాలుగు లీటర్ల మూడొందల యాభై. మూడు గంటల అయిదు నిమిషాల్లో. గంటకి లీటరు నాలుగొందలు చెమటే పోయింది. నా నల్ల టీషర్టు ఆరాక చూస్తే వీపు మీద, చంకల దగ్గర తెల్లటి గీతలు ఒకదాని చుట్టూ ఒకటి, ఉప్పు మడి ఎండినప్పుడు అంచున చార కట్టినట్టు. వేలితో గీరితే పొడి రాలింది. ఆ 2.6 కేజీల్లో కొవ్వు చారెడు కూడా ఉండదు. తాగగానే వెనక్కి వచ్చే బరువది. దాని పైన రెండు పూటలా పులుసు, ఆవకాయ. ఉప్పు ఎక్కువ తింటే ఒళ్లు నీళ్లు పట్టుకుంటుంది. 26 కిలోమీటర్లు కొట్టిన కండరాల్లో సన్నటి చిరుగులు, వాపు ఉంటాయి, వాటిని బాగుచెయ్యడానికి అక్కడికీ నీళ్లు చేరతాయి. లాంగ్ రన్ తర్వాత ఒకటి రెండు రోజులు కాటా ఎక్కువ చూపించడం మామూలేనని ఇప్పుడు తెలుసు.

ఒక్క మేలు జరిగింది. పరుగుకి ముందూ తర్వాతా తూచుకుంటే గంటకి నాకెంత చెమట పోతుందో తెలిసింది. ఒంటి బరువులో 2 శాతం కంటే ఎక్కువ నీళ్లు పోతే పరుగు దెబ్బతినే అవకాశం ఉందంటారు, నాకు ఆ రోజు 3 శాతం దాటింది. అలాగని కనిపించిన ప్రతి చోటా తాగెయ్యడం ఇంకా ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికంటే తక్కువుంది. పరుగు పూర్తయ్యేసరికి బరువు పెరిగినవాళ్లలోనే ఆ ముప్పు బాగా ఎక్కువ, అంటే చెమటకంటే ఎక్కువ తాగేసినవాళ్లు. కాబట్టి లాంగ్ రన్ ముగిసిన వెంటనే కాటా ముందుకంటే ఎక్కువ చూపిస్తే, అప్పుడు మాత్రం కంగారు పడాలి.

నేను పనిచేసేది వనామీ రొయ్యల గుంటల మీద, టెక్నీషియన్‌గా. వారానికోసారి విసురువల వేసి, పడిన రొయ్యల్ని లెక్కపెట్టి తూచి, కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయో, అంటే కౌంట్ ఎంతో, రైతుకి చెప్పాలి. ఒక్క రొయ్యను తూచి గుంట సంగతి చెప్తానంటే ఏ రైతూ ఊరుకోడు. ఒకే మూల వల వేసినా ఊరుకోడు. అమావాస్యకో పౌర్ణమికో గుల్ల విడిచే రోజుల్లో రొయ్య మేత తగ్గించేస్తుంది, ఒంట్లోకి నీరు పీల్చుకుని ఒక్కసారిగా సైజు వచ్చినట్టు కనిపిస్తుంది, అందుకని ఆ రెండు మూడు రోజులు మేము తూకం జోలికి పోము. పోయిన వారం కౌంట్, ఈ వారం కౌంట్, దాని ముందు వారం కౌంట్, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటేనే గుంట పెరుగుతోందో ఆగిందో తెలిసేది. సోమవారం సాయంత్రం శాంప్లింగ్ రిజిస్టర్ రాస్తుంటే ఇదే పద్ధతి నా ఒంటికీ పెట్టాలని తట్టింది. అప్పటినుంచి రోజూ ఒకే వేళకి, లేవగానే, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందు తూచుకుని రాసిపెడతాను. ఏ రోజు అంకె ఆ రోజు చూడను. ఆదివారం సాయంత్రం ఏడు రోజులవీ కలిపి ఏడుతో భాగిస్తాను. నడుం కొలత నెలకోసారి.

మా గ్రూపులో ఒక అక్క ఉంది, హాఫ్ మారథాన్‌లు చాలా చేసింది. తనకి నెలసరి ముందు కేజీ, ఒక్కోసారి రెండు కేజీలు పెరిగి తర్వాత దానంతటదే పోతుందట. అందుకని ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చుకోదు, పోయిన నెలలో ఇదే వారంతో పోల్చుకుంటుంది. ఆడవాళ్లకి నా ఏడు రోజుల సగటు కంటే ఇదే సరైన పద్ధతి.

అసలు భయపడాల్సిన భాగం ఇప్పుడు వస్తుంది. అక్టోబరంతా కదలని బరువు నవంబరులో పదకొండు రోజుల్లో 84.1 నుంచి 81.0కి దిగిపోయింది. ఈసారి చెమట కాదు, పొద్దున పరగడుపు తూకం, సగటు కూడా దిగుతోంది. నాకు పట్టరాని సంతోషం. ఇన్నాళ్లకి ఒళ్లు లొంగిందనుకున్నాను. ఆ సంతోషంలో నేను వెనక్కి తిరిగి చూడని విషయాలు చాలా ఉన్నాయి. వారానికి 65 కిలోమీటర్లు అయింది. రెండు గుంటల్లో పట్టుబడి (పెరిగిన రొయ్యల్ని వలేసి పట్టేయడం), అల్పపీడనం వానలు, రాత్రిళ్లు కరెంటు పోతే గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా జనరేటర్ దగ్గర కాపలా. మధ్యాహ్నం క్యారేజీ మూడింటికో నాలుగింటికో తెరిచేవాణ్ణి, కొన్ని రోజులు తెరవనే లేదు. పైగా బరువు కదలడం లేదని అక్టోబరు చివర్లో రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలకి దిగాను. ఎంత మానేసినా ఆకలి వెయ్యట్లేదు, అది కూడా మంచి గుర్తే అనుకున్నాను.

చూసినవాళ్లు రెండు రకాలుగా అన్నారు. సగంమంది "భలే తగ్గావన్నా" అన్నారు. మా రైతు ఒకాయన పక్కకి పిలిచి, "ఏంది సార్, షుగరేమన్నా వచ్చిందా?" అని గొంతు తగ్గించి అడిగాడు. అమ్మ అయితే చూసిన మొదటి రోజే, "ఏంది నాయనా, దవడలు లోపలికి పోయినాయి, అన్నం తింటా ఉండావా లేదా?" అంది. అమ్మలు అందరూ అలాగే అంటారులే అని తీసిపారేశాను. ఆ మాట తీసిపారేయకుండా ఉండాల్సింది.

పరుగు మాత్రం నిజం చెప్తూనే ఉంది. కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో హాయిగా మాట్లాడుకుంటూ చేసేవాణ్ణి, పెన్నా బ్యారేజీ మీద అదే వేగానికి రొప్పుతున్నాను. లేవగానే నాడి 56 ఉండేది, 66, 67 వస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదు. జలుబు పదిహేను రోజులైనా వదల్లేదు. కుడి కాలి ముందెముక మీద ఒకచోట వేలు పెడితే నొప్పి. ఇంట్లో చిన్నమాటకే విసుగు, పిల్లవాడు హోంవర్క్ తెస్తే కసిరాను, వాడు పుస్తకం మూసుకుని లోపలికి పోయాడు. ఒక రాత్రి షెడ్డులో కూర్చుని తొడ కండ నొక్కి చూసుకుంటే మెత్తగా, జారినట్టు తగిలింది. మా పనిలో లూజ్ షెల్ అంటాం. గుల్ల పైకి బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపల కండ ఉండదు, గుల్లకీ కండకీ మధ్య ఖాళీ. అలాంటి రొయ్య కనపడితే తూకం ఎంత ఉందని అడగం, ముందు మేత, నీళ్లు, జబ్బు చూస్తాం. మర్నాడే డాక్టర్ దగ్గరికి వెళ్లాను.

ఆయన పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, థైరాయిడ్, బ్లడ్ కౌంట్ చేయించారు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించారు. ప్రయత్నమే లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం పోతే ఎవరినైనా పరీక్ష చెయ్యాల్సిందే అన్నారు, నేను ప్రయత్నం చేస్తున్నా సరే, ఇంత త్వరగా పడితే చూడాల్సిందేనన్నారు. అన్నీ నార్మల్. రిపోర్టులు పక్కన పెట్టి, ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి, "నిన్న లేచినప్పటినుంచి నోట్లో పెట్టినవన్నీ చెప్పండి" అన్నారు. మూడు ఇడ్లీలు, చట్నీ. టీ. రెండు గుడ్లు. మూడింటికి క్యారేజీలో కాస్త అన్నం, పప్పు. టీ, రెండు బిస్కెట్లు. ఒక అరటిపండు. రాత్రి రెండు చపాతీలు, కూర, గ్లాసు మజ్జిగ. ఒక్కోదాని పక్కన అంకె వేసి కింద గీత గీసి కూడారు, 1,600 చిల్లర క్యాలరీలు. "పొద్దున ఎంత పరిగెత్తారు?" అన్నారు. 16 కిలోమీటర్లు. దాని పక్కన 1,300 అని రాసి తీసేశారు. మిగిలిన మూడొందల చిల్లర చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి కాగితం నా వైపు తిప్పారు. గుండె కొట్టుకోడానికీ, ఊపిరికీ, ఎముకకీ, జలుబు తగ్గడానికీ, పిల్లాడి మీద విసుక్కోకుండా ఉండటానికీ ఒంటికి మిగిలింది అదీ.

దీనికి పేరుంది. ఖర్చుకి తగ్గ తిండి లేక ఒంట్లో ఒక్కో పనీ మందగించడాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ అని పేరు పెట్టి వివరించింది. అది ఆడవాళ్లకీ వస్తుంది, మగవాళ్లకీ వస్తుంది. ఎముక చిట్లడం, మాటిమాటికీ జబ్బు పడటం, హార్మోన్లు పడిపోవడం, అన్నీ అందులోవే. ఆకలి వెయ్యకపోవడం క్షేమానికి గుర్తు కాదని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. 3.1 కేజీలూ కొవ్వే అయితే 23,870 క్యాలరీల లోటు ఉండాలి, రోజుకి 2,170. ఎంత తిండి మానేసినా అంత లోటు నాకు లేదు. అంటే పోయినదాంట్లో గ్లైకోజన్ ఉంది, దాని నీళ్లు ఉన్నాయి, కొంత కండ కూడా ఉండే ఉంటుంది. నేను సంబరపడింది ట్యాంకు ఖాళీ అయినందుకు. డాక్టర్ పది రోజులు పరుగు ఆపి, కాలు చూపించుకుని, రాత్రి అన్నం మళ్లీ మొదలుపెట్టమన్నారు. నాలుగు రోజుల్లో 82.3కి పెరిగాను. అయిదో రోజు రాత్రి తెల్లారేదాకా నిద్రపోయాను.

మా రైతులు కేజీ రొయ్యకి కేజీ మూడొందల నుంచి కేజీన్నర దాకా మేత వేస్తారు. మేత ఖర్చు తగ్గుతుందని సగం వేసి కౌంట్ రావాలని ఎవరూ అనుకోరు. ఇప్పుడు పరుగుకి ముందు అరటిపండు, రెండు ఖర్జూరాలు తినే బయల్దేరతాను. గంటన్నర దాటే పరుగైతే దారిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లెక్కన బెల్లం ముక్క, అరటిపండు, ఓఆర్ఎస్. తిరిగొచ్చాక అరగంటలో రాగిజావ, గుడ్లు. రాత్రి పెరుగన్నం. పట్టుబడి రోజైనా సరే, ఒంటిగంటకి క్యారేజీ తెరుస్తాను, వల లాగేవాళ్లతో పాటు కూర్చుని తింటాను.

డిసెంబరు సగటులు వరసగా 82.2, 82.0, 81.3, 81.2. ఇవాళ్టికి రేసు ఇంకా పది రోజులు. కిలోమీటర్లు సగానికి తగ్గించాను, అన్నం తగ్గించలేదు, దాంతో ఈ వారం 82.1 వచ్చింది. చివరి మూడు రోజులు అన్నం ఇంకా పెంచాలి కాబట్టి స్టార్ట్ లైన్ దగ్గర నిలబడేసరికి 83 ఉన్నా ఉంటాను. అక్టోబరులో అయితే ఈ అంకెకి నిద్ర పట్టేది కాదు. కాలి నొప్పి పూర్తిగా పోయింది. లేవగానే నాడి 55.

ధనుర్మాసం కదా, పొద్దున ఎనిమిది కిలోమీటర్లు చేసి వస్తుంటే రంగనాయకుల గుడి దగ్గర ప్రసాదం పెడుతున్నారు. చెమట బట్టలతోనే లైన్లో నిలబడ్డాను. దొన్నె నిండా పొంగలి, చేతిలో పట్టుకోలేనంత వేడి, మిరియం పంటికింద పడి ముక్కు కారింది. తిని, దొన్నె పారేసి, పిల్లవాడి కోసం ఇంకోటి పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చాను.